గాజుపూసల పనిలో కూర్చునే తీరు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంటిపట్టున వుండి నాలుగు డబ్బులు సంపాదించుకునే పనుల మాట వస్తే కుట్టుపనీ, అప్పడాలూ, ఊరగాయలూ ముందుగా గుర్తుకొస్తాయి. పట్నాల్లో కొందరు ఇప్పుడు గాజుపూసలు చేయడం కూడా నేర్చుకుంటున్నారు. దీనికి కావలసింది ఒక టార్చి. టార్చి అంటే బ్యాటరీ లైటు కాదండోయ్, బల్లకు బిగించుకునే గ్యాసు బర్నరు. ఎడమచేతిలో మట్టిపూత పూసిన సన్నటి స్టీలు ఊచ, కుడిచేతిలో రంగు గాజు కడ్డీ. కడ్డీ కొసను మంటలో కరిగించి, ఊచను తిప్పుతూ దానిమీద చుట్టుకుంటే పూస తయారవుతుంది. చల్లారాక మట్టిపూత వల్ల పూస జారి ఊడివస్తుంది, ఊచ వున్న చోట రంధ్రం మిగులుతుంది.

ఈ పని అనగానే అందరూ అడిగేది ఒక్కటే, "చెయ్యి కాలదూ?" అని. కాలుతుందన్న భయం వుంది కాబట్టే మంట దగ్గర మనం జాగ్రత్తగా వుంటాం. మెడనొప్పికీ, మణికట్టు నొప్పికీ ఎవరూ ముందుగా భయపడరు. అవి చెప్పకుండా వస్తాయి, వచ్చాక ఒక పట్టాన పోవు. పైగా నడుం వంచి కూర్చునే అలవాటుకూ, కాలడానికీ, పొగ పీల్చడానికీ దగ్గర చుట్టరికం వుంది. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదులో గాజుల కొసలు అతికే పని ఇళ్ళల్లోనే జరుగుతుంది. ఆడవాళ్ళు నేలమీద కూర్చుని, చిన్న మంట ముందు వంగి గంటల తరబడి ఆ పని చేస్తారు. ఫ్యాను వేస్తే మంట చెదురుతుందని ఎండాకాలం కూడా ఉక్కలోనే. మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో కూడా పూసల పని వుంది గాని, అది పెద్ద కొలిమి నుంచి గాజును గొట్టంలా సాగదీసే పద్ధతి. దాని సంగతి వేరు. ఫిరోజాబాదు వాళ్ళకు వేరే దారి లేక అలా కూర్చుంటారు. మనకు ఎంచుకునే వీలుంది కాబట్టి నేల వద్దనే చెబుతాను. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే జారిన వేడిగాజు తిన్నగా ఒళ్ళో పడుతుంది, చటుక్కున లేవడానికి కాళ్ళు రావు.

మరి బల్ల అంటే ఏ బల్ల? వంటింటి గట్టు నిలబడి పనిచేయడానికి కట్టింది. దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. భోజనాల బల్ల అసలే వద్దు. అన్నం తినే చోట కంటికి కనపడని గాజు పెంకులు రాలుతాయి. విడిగా ఒక గట్టి బల్ల చూసుకుని, పైన స్టీలు రేకు పరుచుకోండి. ఇంట్లో పాత ఆస్‌బెస్టాస్ రేకు ముక్క వుంది కదా అని వాడబోకండి, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఎత్తు చూసుకోవడం సులువు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, భుజాలు వదులుగా జారవిడిచి, మోచేతులు వంచండి. మోచెయ్యి నేలనుంచి ఎంత ఎత్తులో వుందో పిల్లల చేత టేపు పెట్టించి కొలిపించండి. బల్ల ఆ ఎత్తులో, లేదా మరి ఒకటి రెండు అంగుళాలు పైన వుండాలి. మామూలు బల్లలు 30 అంగుళాలుంటాయి. అయిదడుగుల మనిషికి కుర్చీలో మోచెయ్యి 24, 25 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మనలో చాలామందికి బల్ల ఎత్తయిపోతుంది. బల్ల కాళ్ళు కోయించనక్కర్లేదు. కుర్చీమీద గట్టి దిండు గాని, చెక్క గాని వేసి ఎత్తు పెంచుకుని, పాదాల కింద పీట పెట్టుకోండి. పీట లేకపోతే కాళ్ళు వేలాడి, తొడల కింద నొక్కుకుని తిమ్మిరెక్కుతాయి. చక్రాల కుర్చీ ఈ పనికి పనికిరాదు. మీరు బల్లమీద ఆనగానే అది వెనక్కి జారుతుంది.

ఇంక మంట ఎక్కడుండాలి? రొమ్ము ఎముక కింది కొసకు ఎదురుగా, ఇంచుమించు ఆ ఎత్తులో. టార్చి మూతి మీకు అవతలి వైపుకు, కొంచెం పైకి వాలి వుండాలి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా వుంచుకుని, ముంజేతులు బల్లమీద ఆనించినా పూస మంటలోకి అందాలి. అందకపోతే టార్చిని దగ్గరకు జరిపి బిగించండి గాని మీరు ముందుకు జరగొద్దు. మంట మరీ కిందికి వుంటే టార్చి కింద చెక్కదిమ్మ వేసి బిగించండి.

ఎందుకింత పట్టింపు అంటారా? మనిషి తల సుమారు 5 కిలోల బరువు. నిండు చెంబును ఛాతీకి దగ్గరగా పట్టుకు చూడండి, అదే చెంబును చెయ్యి చాపి పట్టుకు చూడండి. ముందుకు వంగిన తలను మెడ కండరాలు చెయ్యి చాపినట్టే మోస్తుంటాయి. అంతేకాదు, మంట మీది వేడిగాలి తిన్నగా పైకి లేస్తుంది. వంగితే ముఖం ఆ గాలిలోకే పోతుంది. గ్యాసు సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన వుండదు, పూసల దగ్గర తలనొప్పి వస్తే ఎండ అనుకుంటాం. మామూలుగా ఎగ్జాస్టు ఫ్యాను గోడకు పైన వుంటుంది. అది పొగను మన ముక్కు ముందునుంచే పైకి లాక్కుపోతుంది. ఈ పనికి ఆ ఫ్యాను మంటకు అవతల, బల్ల ఎత్తులో వుండాలి. మీ వీపు వెనక కిటికీ తెరిచి వుంచితే గాలి వెనకనుంచి వచ్చి మంట మీదుగా బయటికి పోతుంది. పై ఫ్యాను మాత్రం కట్టేయాల్సిందే.

వంగడానికి మరో కారణం కళ్ళు. గాజు మంటలో పెట్టగానే సోడియం వల్ల కళ్ళు చెదిరే పసుపుపచ్చటి వెలుగు వస్తుంది. పూస కనపడక ముఖం దగ్గరకు పెట్టి చూస్తాం. డిడీమియం అద్దాలని వున్నాయి, అవి ఆ పసుపు వెలుగును ఆపేస్తాయి, పూస ఆకారం స్పష్టంగా కనపడుతుంది. పెంకులు ఎగిరినప్పుడు కంటికి కాపు కూడా. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. రెండు పవర్ల కళ్ళద్దాలతో పూసను చూడాలంటే గడ్డం పైకెత్తాలి. రోజూ అలా చేస్తే మెడ ఊరుకోదు. బల్ల దగ్గర కూర్చుని మీ కంటికీ పూసకూ మధ్య దూరం కొలుచుకుని, ఆ అంగుళాలు కళ్ళ డాక్టరుకు చెప్పండి, ఆ దూరానికే అద్దం రాసిస్తారు.

సామాను సర్దుకోవడంలో ఒక చిన్న కిటుకు వుంది. పూస ఎడమచేతిలో వుంటుంది, కాబట్టి పూసలు చల్లార్చే విద్యుత్ కొలిమి ఎడమవైపునే వుండాలి. చాలామంది ప్లగ్గు కుడివైపు వుందని అక్కడ పెడతారు. అప్పుడు ప్రతి పూసకూ నడుం మెలితిప్పాలి, లేదా చెయ్యి మంటమీదుగా దాటించాలి. ఈ కొలిమిని సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వుంచి తరువాత నెమ్మదిగా చల్లారుస్తారు. అలా చేయకపోతే పూస చిట్లిపోతుంది. దాన్ని నేలమీద పెట్టకండి, వేడి పూస పట్టుకుని వంగాల్సివస్తుంది. కడ్డీలు కుడివైపు, వేడి కొస అవతలికి వచ్చేలా పెట్టుకోండి. చల్లటి గాజూ, ఇప్పుడే మంటలోంచి తీసిన గాజూ చూపుకు ఒకేలా వుంటాయి. గ్యాసు గొట్టం కాళ్ళకు తగలకుండా బల్ల పక్కనుంచి పోవాలి. సిలిండరు నిలువుగా, మంటకు దూరంగా వుండాలి. ఎల్.పి.జి. గాలికన్నా బరువు, కారితే కిందనే మడుగు కట్టినట్టు నిలుస్తుంది.

ఊచను తిప్పడం మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు, దీపం వత్తి చేసినట్టే బొటనవేలూ చూపుడువేలూ చాలు. మణికట్టు వంచకుండా తిన్నగా వుంచండి, బిగించి పట్టుకోకండి. సన్నటి ఊచ వేళ్ళకు నొప్పి చేస్తే, పట్టుకునే చోట రబ్బరు గొట్టం ముక్క తొడగండి. రాత్రిపూట బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టులో నరం నొక్కుకుంటున్న గుర్తు కావచ్చు. గర్భిణులకూ, థైరాయిడు తక్కువగా వున్నవాళ్ళకూ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అమృతాంజనం రాసుకుని నెట్టుకురాకుండా డాక్టరుకు చూపించుకోండి.

నూలు చీరే కట్టుకోండి. నైలాన్, పాలియెస్టర్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. కొంగు నడుముకు చుట్టి గట్టిగా దోపుకుని, ముందు మందపాటి నూలు ఏప్రన్ కట్టుకుని, జుట్టు ముడి వేసుకోండి. కాళ్ళకు చెప్పులు కాదు, పాదం మూసే బూట్లు కావాలి. చల్లటి కడ్డీని ఒక్కసారిగా మంటలో పెడితే టప్పున పేలి ముక్కలు ఎగురుతాయి. మంట చివరనుంచి మెల్లిగా వేడెక్కించాలి. ఏదైనా జారిపడితే పట్టుకోబోవద్దు, పడనివ్వండి. కుర్చీ వెనక రెండడుగుల ఖాళీ వుంటే వెనక్కి తోసుకుని లేవవచ్చు.

అరగంటకోసారి, పూస కొలిమిలో పెట్టాక, మంట ఆర్పి లేచి నాలుగు అడుగులు వేయండి. "ఇంకొక్కటి చేసి లేస్తాను" అనిపిస్తుంది. ఆ ఒక్క పూసకే చెయ్యి వణుకుతుంది. తలుపు కొట్టినా, కుక్కరు కూత పెట్టినా మంట వెలుగుతుండగా లేవవద్దు. కుక్కరు పొయ్యిమీద పెట్టి పూసలకు కూర్చోవడం కంటే, వంట ముగించుకుని, పిల్లలు బడికి వెళ్ళాక కూర్చోవడం మేలు.