రాలుతోందా? తెగుతోందా? ముందు అది తేల్చుకోండి

జుట్టు పొడవు పెరగడం లేదని నూనె మార్చేముందు, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. మార్చాల్సింది అలవాట్లా, చేయించాల్సింది రక్తపరీక్షా అన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది.

కిందటేడాది మా ఓపీకి ఒకావిడ ఇంటర్ చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. కూర్చుంటూనే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. వారం రోజులుగా రాలిన జుట్టంతా అందులో ఉంది. ‘‘నడుం దాకా ఉండేదండీ డాక్టరుగారూ. హాస్టల్ నీళ్లు పడక ఇలా అయిపోయింది. ఆర్నెల్లలో నాలుగు రకాల నూనెలు మార్చాం’’ అన్నారు. అమ్మాయి కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగితే తలూపింది. నెలసరి ఏడెనిమిది రోజులు ఎక్కువగా అవుతోందనీ, పొద్దున టిఫిన్ తినకుండానే క్లాసుకు వెళ్తోందనీ అప్పుడు బయటపడింది. 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 7.6 ఉంది. నాలుగు నూనెలు కొన్నారు గానీ రక్తపరీక్ష ఒక్కసారీ చేయించలేదు.

ఇలాంటివారు మాకు తరచూ కనిపిస్తుంటారు. అందుకే జుట్టు లెక్క కాస్త తెలుసుకుందాం.

రోజుకు వంద వరకూ మామూలే

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు పెరగకుండా ఉండి ఊడిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది వస్తుంది. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికోసారి తలంటుకునేవారికి ఆ రోజు ఒకేసారి ఎక్కువ కనిపిస్తాయి. భయపడక్కర్లేదు. ఎన్నేళ్లు పెరుగుతుందన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. అందరికీ మోకాళ్ల దాకా జడ రాదు.

ఇప్పుడు దువ్వెనలోని వెంట్రుకను చూడండి. ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి రాలినట్టు. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగినట్టు. రెంటికీ కారణాలు వేరు, పరిష్కారాలూ వేరే.

తెగుతుంటే... అలవాట్లు మార్చండి

జీవం ఉండేది కుదుళ్లలోనే. బయటికి కనిపించే పోగు పాడైతే తిరిగి బాగుపడదు. 60 సెంటీమీటర్ల జుట్టు కొసకు ఐదేళ్ల వయసుంటుంది. ఐదేళ్ల నాటి పట్టుచీరను ఎంత జాగ్రత్తగా చూస్తామో కొసలనూ అలాగే చూడాలి.

* తడి జుట్టు సాగి, తేలిగ్గా తెగుతుంది. తలస్నానం చేయగానే తువ్వాలుతో టపటపా కొట్టడం, సన్న పళ్ల దువ్వెనతో చిక్కు తీయడం మానండి. మెత్తటి నూలు బట్టతో అద్ది, కొంత ఆరనిచ్చి, పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. స్కూలు హడావుడిలో పిల్లలకు తడి జడలు వేయకుండా తలస్నానం సెలవు రోజుకు మార్చుకోండి.

* జడ బిగించి వేస్తే పెరుగుతుందన్నది అపోహ. రోజూ ఒకేచోట బిగిస్తే నుదుటి అంచునా, పాపిట దగ్గరా పలచబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఆ కుదుళ్లు శాశ్వతంగా పోవచ్చు. జడ వేశాక మాడు నొప్పి పుడుతోందంటే బిగువు ఎక్కువైనట్టే. బరువైన సవరాలు పండగలకూ పెళ్లిళ్లకూ చాలు.

* కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. తలస్నానానికి గంట ముందు, ముఖ్యంగా కొసలకు రాస్తే సరిపోతుంది. అంతేగానీ కుదుళ్ల నుంచి జుట్టును పెంచదు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పట్టించి రాత్రంతా ఉంచితే, దానికి కారణమయ్యే ఫంగస్‌కు మేత వేసినట్టే. అలాంటివారు కీటోకొనజోల్ షాంపూను డాక్టరు సలహాతో వాడాలి.

* షాంపూ మాడుకు, కండిషనర్ కొసలకు. వేడి ఇస్త్రీలు, స్ట్రెయిటెనింగ్ ఎంత తగ్గిస్తే అంత మంచిది.

* గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనుకుంటారు. కొసలు మొద్దుగా ఉండటం వల్ల అలా అనిపిస్తుందంతే. కుదుళ్ల సంఖ్య మారదు. మొక్కు ఉంటే ఇవ్వండి, ఒత్తు కోసమైతే వద్దు.

రాలుతుంటే... మూడు నెలలు వెనక్కి వెళ్లండి

బుడిపెతో సహా గుప్పెళ్లుగా రాలుతుంటే, రెండు మూడు నెలల కిందట ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. డెంగీ, టైఫాయిడ్ లాంటి తీవ్ర జ్వరం, ప్రసవం, ఆపరేషన్, ఉన్నట్టుండి కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం... వీటి తర్వాత చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపి, మూడు నెలలకు ఊడతాయి. ఇది చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. బాలింతలు ముఖ్యంగా కంగారు పడొద్దు.

ఇవేవీ లేకపోతే రక్తహీనత, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. జుట్టు సంగతి పక్కన పెట్టినా దీన్ని వదిలేయకూడదు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చేస్తారు. అవసరాన్ని బట్టి ఫెరిటిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు రాస్తాం.

వెంట్రుక తయారయ్యేది ప్రొటీన్‌తోనే. పప్పు, శనగలు, గుడ్డు, పెరుగు రోజూ ఏదో రూపంలో పళ్లెంలో ఉండాలి. ఆకుకూరలు, రాగులు, నువ్వులతో పాటు నిమ్మ, ఉసిరి, జామ తీసుకుంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్‌ను అడ్డుకున్నట్టే. గంటైనా ఆగండి. బయోటిన్ లోపం చాలా అరుదు. సొంతంగా ఆ మాత్రలు వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష ఫలితాలు తారుమారు కావచ్చు. వాడుతుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి.

ఆ అమ్మాయికి ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు ఇచ్చి, నెలసరి సమస్యకు గైనకాలజిస్టుకు చూపించాం. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. ఆయాసం పోయింది. పాపిట వెంట పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు కనిపించాయి. నడుం దాకా రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుందని చెబితే నవ్వింది. ‘‘అమ్మా, మీరూ ఒకసారి చూపించుకోండి’’ అని తల్లికీ పరీక్ష రాశాను. ఆవిడకు 8.9 ఉంది.

డాక్టరును తప్పక కలవాల్సింది ఎప్పుడు?

* రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా ఊడిపోతే. దీన్ని పేనుకొరుకుడు అంటారు గానీ పేలకు సంబంధం లేదు. రోగనిరోధక వ్యవస్థ కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది.
* మాడు మీద ఎర్రదనం, చీము, పొలుసులు ఉంటే, ముఖ్యంగా పిల్లల్లో.
* నెలసరి గతి తప్పి, ముఖం మీద రోమాలు వస్తూ, నడినెత్తిన పలచబడుతుంటే.
* రాలడం ఆర్నెల్లు దాటినా తగ్గకపోతే.