కోనసీమ అడుగున పంకశిల

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. వారు త్రవ్వుచున్న బావినుండి ఎగసిన వాయువు అంటుకొని, మార్చి 15వ తేదీ దాక ఆరక మండినప్పుడు, కొబ్బరితోటలు మాడుటయు, చుట్టుపట్ల ఊళ్లవారు ఇండ్లు విడిచి పోవుటయు లోకమెల్ల చూచినది. కాని ఆ వాయువును అంతకుముందు లక్షలాది సంవత్సరములు అణచియుంచిన శిల యేదని విచారించినవారు అరుదు.

ఆ శిల బురదనుండి పుట్టినది. గోదావరి నేటికిని సముద్రమునకు మోసుకొనిపోవు ఒండ్రువంటిదే పూర్వయుగములందు పేరుకొని, పైపొరల బరువునకు నీరు పిండబడి, పంకశిలగా, షేలుగా గట్టిపడినది. భూశాస్త్రజ్ఞులు ఈ పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టిరి. పాలకొల్లు షేలులో జనించిన వాయువు పైకెగబ్రాకి, పాశర్లపూడి ఇసుకరాతి రంధ్రములందు చేరి, ఆ రాతి నడుమనున్న షేలు పొరల క్రింద చిక్కుకొన్నది.

పంకశిలకును రంధ్రములు కలవు. అయితే అవి నానోమీటర్లలో కొలువదగినంత సూక్ష్మములు. మట్టి రేకులు తమలపాకుల కట్టవలె ఒకదానిపై నొకటి పరచుకొని యుండుటచే, పొర వెంబడి కొంత జారనిచ్చిన ద్రవమును నిలువున పోనీయవు. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ఇసుకగుండ నీరు పారు తీరును కొలిచి ప్రకటించిన సూత్రమే నేటికిని పారగమ్యతకు ఆధారము. మంచి ఇసుకరాయి పారగమ్యత, ఆయన పేరిటి ‘డార్సీ’ అను కొలమానములో పదవ వంతో, అంతకెక్కువయో యుండగా, మేలైన పంకశిలది వందకోట్లవ వంతు దాక దిగును. అంతకంటె విశేషమేమనగా, ఆ సన్నని రంధ్రములు నీటితో నిండియుండును; కేశాకర్షణచే అంటిపెట్టుకొనియున్న ఆ నీటిని త్రోసివేయజాలినంత ఒత్తిడి చేకూరువరకు వాయువు లోన అడుగిడజాలదు.

ఈ గుణమును నమ్మియే నార్వేదేశీయులు స్లైప్నర్ క్షేత్రమున, సముద్రగర్భపు ఇసుకరాతిలో, 1996 మొదలుకొని బొగ్గుపులుసు వాయువును దాచిరి; తొలియేండ్లలో అది ఏటా ఇంచుమించు పది లక్షల టన్నులు. మన విశాఖపట్నమున 60,000 టన్నుల వంటగ్యాసును దాచు గుహకు మాత్రము కావలి పంకశిల కాదు, చుట్టునున్న కఠినశిలల పగుళ్లలోని నీటి ఒత్తిడి.

వాయువును మితిమీరిన ఒత్తిడితో ఎక్కించినచో ఎంతటి పంకశిలయైనను పగులును. పూర్వమే భ్రంశములున్నచో వాటివెంట దారి దొరకును. అన్నిటికంటె నాకు భయము గొలుపునవి మనుష్యులు దొలిచిన బోర్లు. పాశర్లపూడిలో శిల ఓడలేదు, బావి ఓడినది. రాజోలు, అమలాపురం ప్రాంతములలో గ్యాసు తీసిన పొరలయందు రేపెవరైనను మరియొక వాయువును నింపదలచినచో, శిల పారగమ్యతను ప్రయోగశాలలో కొలుచుటకు ముందే, ఆ పొరలను దొలిచిన ప్రతి పాత బావిలోను సిమెంటు బిరడా ఎట్లున్నదో, ఇనుప గొట్టము ఎంత తుప్పుపట్టినదో పరీక్షించి, ఆ ఫలితములను ఆయా గ్రామపంచాయతీలకు తెలుగులో అందజేయవలెను.