గుండెలో దాగిన వాపును పట్టే స్కాన్

గుండె ఉన్నట్టుండి విపరీతమైన వేగంతో కొట్టుకోవడం, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం – వీటిని పని ఒత్తిడి అనో, నైట్ డ్యూటీ వల్ల అనో కొట్టిపారేయకండి. గుండె కింది గదులలో పుట్టే దడను వెంట్రిక్యులర్ టాకికార్డియా అంటారు. ఇది ప్రాణాపాయం కావచ్చు.

పాత గుండెపోటు వల్ల ఏర్పడిన మచ్చ దీనికి ముఖ్య కారణం. అయితే కొందరికి యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు బాగానే ఉంటాయి, ఎకోలో గుండె పంపింగ్ కూడా బాగుంటుంది. మరి దడ ఎందుకు వస్తోంది?

హైదరాబాద్ కేర్ ఆస్పత్రిలో డాక్టర్ కాలంబూర్ నరసింహన్ బృందం ఇలాంటి రోగులను పరిశీలించి, 2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. స్కాన్లలో గుండె కండరంలో జబ్బు జాడలతో పాటు ఛాతీలో ఉబ్బిన లింఫు గ్రంథులు కనిపించాయి. ఆ గ్రంథుల నుండి ముక్క తీసి పరీక్షిస్తే కొందరిలో క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్ అనే వ్యాధి బయటపడ్డాయి. ఈ తేడా చాలా ముఖ్యం. క్షయకు టి.బి. మందులు కావాలి, సార్కాయిడోసిస్‌కు స్టెరాయిడ్లు కావాలి. క్షయ ఉన్నవారికి స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే జబ్బు ముదరవచ్చు. డాక్టర్ నరసింహన్ తరువాత గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రిలో సేవలందించారు.

ఎం.ఆర్.ఐ. స్కాన్ మచ్చను చూపిస్తుంది. పెట్ స్కాన్ నివురు కప్పిన నిప్పు లాంటి వాపును చూపిస్తుంది. కొద్దిపాటి రేడియోధార్మికత గల గ్లూకోజును సూది ద్వారా ఎక్కిస్తారు. వాపు ఉన్న కణాలు దానిని ఎక్కువగా పీల్చుకొని స్కాన్‌లో వెలుగుతాయి. మందులు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి కొన్ని నెలల తరువాత మళ్ళీ తీస్తారు.

ఆరోగ్యంగా ఉన్న గుండె కండరం కూడా గ్లూకోజును వాడుకుంటుంది. అందుకే ముందు రోజు అన్నం, చపాతీ, పండ్లు, తీపి పదార్థాలు మాన్పించి, కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చి, ఆపై ఉపవాసం ఉంచుతారు. అప్పుడు మామూలు కండరం కొవ్వును వాడుకుంటుంది, వాపు స్పష్టంగా కనిపిస్తుంది. దారిలో ఒక్క కప్పు చక్కెర టీ తాగినా స్కాన్ పాడు కావచ్చు.

గుర్తుంచుకోండి:
• మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందుగానే డాక్టరుకు చెప్పాలి.
• దడ ఉన్న ప్రతివారికీ పెట్ స్కాన్ అవసరం లేదు. మొదట ఈసీజీ, ఎకో చేయించుకోవాలి.
• పాత రిపోర్టులన్నీ వెంట తీసుకురండి.
• దడ తగ్గిందని మందులు మధ్యలో ఆపకండి.