మొదటిసారి ఓడ ప్రయాణమా? మందుల సంచి మీ చేతిలోనే ఉండాలి

మా వార్డులో షుగరుకు, బి.పి.కి వైద్యం పొంది ఇంటికి వెళ్ళేవారి బంధువులు ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్ గారూ, మా తమ్ముడు ఓడలో విహారయాత్రకు టిక్కెట్లు తీశాడు. నాన్నగారిని తీసుకువెళ్ళవచ్చా? ఏమేమి సర్దుకోవాలి?" అని. ఒకప్పుడు మనవాళ్ళకు ఓడ ప్రయాణమంటే విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్ళే ఓడే. బతుకుతెరువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారు రెండు మూడు రోజులు సముద్రం మీద గడిపి పోర్ట్ బ్లెయిర్‌లో దిగేవారు. ఇప్పుడు సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను క్రూయిజ్ అనే విహార నౌక ఎక్కిస్తున్నారు. 2022లో విశాఖ రేవు నుంచి కూడా అలాంటి నౌక బయలుదేరింది. కాబట్టి ఈ సంగతులు మన కుటుంబాలకూ అవసరమే.

ముందు నా పొరపాటు ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయన కాలి పుండు మాని డిశ్చార్జి అయ్యారు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. తర్వాత కొన్నాళ్ళకు కుమారుడు సింగపూర్ పిలిపించి, అక్కడి నుంచి నాలుగు రోజుల ఓడయాత్రకు ఏర్పాటు చేశాడు. నేను మందుల పేర్లు, వేళలు, ఆహార నియమాలు అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. అవి ఏ సంచిలో పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు.

రేవులో పెద్ద పెట్టెలు మన దగ్గర ఉంచరు. సిబ్బంది తీసుకుని, తనిఖీ చేసి, వేల పెట్టెల మధ్య నుంచి ఒక్కొక్కటీ ఎవరి గది గుమ్మం ముందు వారిది పెడతారు. అందుకు చాలా గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రి అవుతుంది. ఆ దంపతులు మధ్యాహ్నం ఓడ ఎక్కారు. రాత్రి భోజనానికి ముందు వేసుకోవలసిన ఇన్సులిన్ పెట్టెలో ఉంది, పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆకలికి ఆగలేక ఆయన తినేశారు. పెట్టె వచ్చేసరికి పది దాటింది. అప్పటికి షుగరు 400 పైన ఉంది. ఓడలోని డాక్టరు చూశారు, దేవుని దయవలన గండం గడిచింది. తిరిగి వచ్చాక ఆయన భార్య నాతో, "ఒక్క మాట చెప్పి ఉండాల్సింది సిస్టరమ్మా" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

అందుచేత మందులన్నీ భుజాన వేసుకునే చిన్న సంచిలోనే ఉండాలి. విమానంలోనూ అంతే. విమానం అడుగున వేసే సామానులో ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. యాత్ర నాలుగు రోజులైతే కనీసం వారానికి సరిపడా మందులు తీసుకోండి. తుపాను వస్తే ఓడ ఆలస్యం కావచ్చు. భార్యాభర్తలు వెళ్తుంటే సగం మందులు ఒకరి సంచిలో, సగం మరొకరి సంచిలో పెట్టుకుంటే ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

మనకు ఒక అలవాటు ఉంది. మందుల షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మంటాం, లేదా అన్నీ విప్పి ఒక డబ్బాలో పోసుకుంటాం. పేరులేని మాత్ర ఏమిటో పరాయి దేశపు అధికారికీ తెలియదు, ఓడ డాక్టరుకూ తెలియదు. పేరు కనిపించే పూర్తి స్ట్రిప్పులే తీసుకోండి. డాక్టరుగారి చేత ఆంగ్లంలో ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో జబ్బు, మందు అసలు పేరు, మోతాదు, సూదులు వెంట ఉంచుకోవలసిన కారణం ఉండాలి. కంపెనీ పేర్లు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్, కొన్ని నిద్రమాత్రలు సింగపూర్, యు.ఎ.ఇ. వంటి దేశాలకు తీసుకువెళ్ళాలంటే ముందుగా అనుమతి కావచ్చు. కనుక టిక్కెట్టుతో పాటే ఇదీ విచారించుకోవాలి. గసగసాలు ఆ రెండు దేశాల్లోనూ నిషేధం. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో అవి కలిశాయని మనకు గుర్తే ఉండదు.

వాడుతున్న ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా ఉంచితే మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. తెరవని సీసాలకే ఫ్రిజ్ కావాలి. ఓడ గదిలోని చిన్న ఫ్రిజ్ అన్నిచోట్లా సరిగా చల్లబరచదు, అడిగితే మందుల కోసం వేరే ఏర్పాటు చేస్తారు. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకండి, గది శుభ్రం చేసే వారి చేతికి గుచ్చుకుంటాయి. వాటికి గట్టి డబ్బా అడగండి.

సముద్రం ఊగితే వికారం, వాంతులు రావచ్చు. గది తీసుకునేటప్పుడే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో అడిగితే ఊపు తక్కువ. వాంతుల మాత్ర ఓడ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. అయితే ఈ మాత్రలు మత్తు కలిగిస్తాయి. కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవారు, ప్రోస్టేట్ వాపుతో మూత్రం కష్టంగా వచ్చేవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. పెద్దవారు మత్తులో తూలి పడటం నేను వార్డులోనే చూశాను, ఇక ఊగే నేల మీద చెప్పాలా! షుగరువారికి ఇంకో చిక్కు. ఇన్సులిన్ వేసుకున్నాక తిన్నది వాంతి అయిపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే గ్లూకోజు నీళ్ళు తాగించి, మిషనుతో షుగరు చూసి, ఓడ వైద్యశాలకు కబురు చేయండి. మీ అంతట మీరే ఇన్సులిన్ పూర్తిగా మానేయకండి. కనుక షుగరు చూసే మిషను, గ్లూకోజు, బిస్కెట్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కూడా ఆ చిన్న సంచిలోనే పెట్టండి.

ఎక్కువమంది ఒకేచోట తినే ఓడల్లో నోరోవైరస్ విరేచనాలు త్వరగా వ్యాపిస్తాయి. దీనికి చేతికి రాసుకునే శానిటైజర్ చాలదు, సబ్బు, నీళ్ళే కావాలి. విరేచనాలు పట్టుకుంటే దాచకుండా చెప్పాలి. గదిలోనే ఉండమంటారని భయపడి దాచితే పదిమందికి అంటుతుంది.

బట్టల గురించి నేను ఎక్కువ చెప్పను. ఏ.సి. చలికి ఒక స్వెట్టరు, వెనుక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు చాలు. షుగరుతో పాదాలు మొద్దుబారినవారు ఎండకు కాలిన ఓడ పై అంతస్తులో వట్టికాళ్ళతో నడవకూడదు, బొబ్బలెక్కినా తెలియదు. రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, కెటిల్, కొవ్వొత్తులు చాలా ఓడల్లో అనుమతించరు. నిప్పు భయం. ఆవకాయ తీసుకువెళ్ళవచ్చో లేదో ముందే అడగండి, బి.పి. ఉన్నవారికి మాత్రం తీసుకువెళ్ళకపోవడమే మేలు.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు డబ్బు కట్టకముందే డాక్టరును అడగాలి. 24 వారాలు నిండిన గర్భిణులను చాలా ఓడలు ఎక్కించుకోవు. ఓడలో డాక్టరు, నర్సు ఉంటారు గాని పెద్ద ఆసుపత్రి ఉండదు. పరిస్థితి విషమిస్తే తర్వాతి రేవులో దింపుతారు, ఆ ఖర్చు కుటుంబం మీదే పడుతుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులను దాచకండి, దాచితే ఆ డబ్బు రాకపోవచ్చు.

డాక్టరుగారి ఉత్తరం కావలసినవారు ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఓ.పి.కి రండి. పాత చీటీలు, ఇంట్లో వాడుతున్న మందులన్నీ స్ట్రిప్పులతో సహా తీసుకురండి. ఏ సంచిలో సర్దబోతున్నారో ఆ సంచి కూడా తెస్తే, నేనే ఒకసారి చూసి పంపుతాను.