నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే మునిగి చచ్చే జీవి
ఒడ్డున పడిన డాల్ఫిన్‌కు ముందు కావలసింది నీడ

అమలాపురం: అంతర్వేది పల్లిపాలెం మొదలుకొని ఓడలరేవు, ఎస్.యానాం, పల్లం వరకు కోనసీమ సముద్రపుటొడ్డున అప్పుడప్పుడు ఒక కబురు గుప్పుమంటుంది. "పెద్ద చేప కొట్టుకొచ్చిందట!" ఊరు ఊరంతా కదలి వెళుతుంది. పిల్లలు దాని వీపు ఎక్కుతారు. పెద్దవాళ్ళు తోక పట్టి లాగి చూస్తారు. ప్రాణం ఉందేమోనన్న అనుమానం చాలామందికి రాదు. వచ్చినా ఏం చేయాలో తెలియదు.

అసలు అది చేప కాదు. తిమింగలం గాని, డాల్ఫిన్ గాని ఆవు, గేదెల వలె పిల్లను కని పాలిచ్చే జంతువు. ఒంట్లో ఉండేది వెచ్చని నెత్తురు. చేపకున్నట్లు దానికి మొప్పలుండవు. మనలాగే ఊపిరితిత్తులున్నాయి. నెత్తిమీద ఉన్న ముక్కురంధ్రం నీటిపైకి తెచ్చి గాలి పీల్చుకుంటేనే బ్రతుకుతుంది.

ఒక్క శ్వాసకు నిండా గాలి

మామూలుగా మనిషి ఒక్కసారి ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల్లోని గాలిలో పది, పదిహేను శాతం మాత్రమే మారుతుంది. డాల్ఫిన్ ఒక్క శ్వాసలో 80 శాతానికి పైగా మార్చుకోగలదు. పైగా దాని కండరాల్లో ప్రాణవాయువును నిలువ చేసుకునే మయోగ్లోబిన్ అనే పదార్థం మన కండరాల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నీట మునగగానే గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. నెత్తురు మెదడుకు, గుండెకు ముందుగా అందుతుంది. ఈ ఏర్పాట్ల వల్లనే స్పెర్మ్ తిమింగలం గంటసేపు నీటి అడుగున ఉండి, కిలోమీటరుకు మించిన లోతుకు వెళ్ళి రాగలుగుతున్నది.

ఊపిరి తీయడం మనకు నిద్రలో కూడా దానంతటదే జరిగిపోతుంది. డాల్ఫిన్‌కు అలా కాదు. ప్రతి శ్వాసా తెలిసి తీయాలి. అందుకే అది మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి, రెండో సగాన్ని మేలుకొలిపి ఉంచుతుంది.

నీళ్ళలో గోడలా నిలబెట్టిన వలలో తోక చిక్కుకుంటే ఇక పైకి రాలేదు. ఈతలో ఎంత దిట్టయినా నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది.

బరువే శత్రువు

ప్రాణంతో ఒడ్డున పడితే ప్రమాదం మరో రకంగా ఉంటుంది. గాలికి కొదవ లేదు, కాని సముద్రంలో నీరు మోసిన బరువు ఇప్పుడు దాని గుండెమీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. చర్మం కింద దళసరి కొవ్వు పొర ఉంది. నీటిలో చలి నుంచి కాపాడిన ఆ పొరే ఇసుక మీద కంబళి కప్పినట్లు వేడిని బయటకు పోనివ్వదు. కోనసీమ ఎండలో ఒళ్ళు మరిగిపోతుంది, చర్మం పొక్కుతుంది. సాధారణంగా డాల్ఫిన్‌కు కావలసిన నీరు అది తినే చేపల నుంచే వస్తుంది. కనుక జబ్బుపడి కొన్నాళ్ళుగా మేత లేనిదైతే, ఆకలితో పాటు దాహంతో కూడా అలమటిస్తున్నదన్న మాట.

అటువంటప్పుడు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. జనాన్ని దూరంగా ఉంచాలి. కొబ్బరాకులతో పైన నీడ వేయాలి. తడిగుడ్డలు కప్పి నీళ్ళు చల్లుతూ ఉండాలి గాని, నెత్తిమీది రంధ్రం మీద గుడ్డ పడరాదు, అందులోకి నీరు, ఇసుక పోరాదు. బోర్లా ఉండేటట్లు చూసి, ముందు రెక్కల కింద ఇసుక తవ్వి గుంటలు చేయాలి. తోక పట్టి లాగితే వెన్నెముక దెబ్బతింటుంది. జబ్బు జంతువును తొందరపడి సముద్రంలోకి నెడితే మళ్ళీ ఒడ్డుకే రావచ్చు. అటవీశాఖకు, పశువుల డాక్టరుకు వెంటనే కబురు పంపడం మేలు.

చచ్చిన కళేబరాన్నయితే చేతితో ముట్టరాదు. బ్రూసెల్లా వంటి కొన్ని సూక్ష్మజీవులు మనిషికి కూడా సోకుతాయి. తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపడం, మాంసం కోసుకోవడం నేరం.

పేరు పెట్టింది మన జాలర్లే

ఈ జంతువుల శాస్త్ర చరిత్రలో తెలుగు తీరానికి పెద్ద పీటే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే విశాఖపట్నం రేవులో గుండ్రటి తల డాల్ఫిన్ ఒకటి దొరికింది. ఉత్తర సర్కారుల కమిషనరు వాల్టర్ ఇలియట్ సేకరించి పంపిన నమూనాలను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ పరిశీలించి, 1866లో లోకానికి పరిచయం చేశాడు. నేడు ఐరావతి డాల్ఫిన్ అని పిలుస్తున్నది దానినే. పొరుగున ఒడిశాలోని చిల్కా సరస్సులో అవి నూటయాభైకి అటూ ఇటూగా ఉన్నాయి. మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కూడా విశాఖ నమూనాతోనే శాస్త్రానికి తెలిసింది. ఇంకొక డాల్ఫిన్‌కు ఓవెన్ 'డెల్ఫినస్ గడము' అని పేరు పెట్టాడు. గడము అన్నది విశాఖ జాలర్ల నోటి మాట! తరువాత దానిని వేరే జాతిలో కలిపివేశారు.

కొవ్వులో పురుగుమందు

చచ్చిన జంతువు కూడా ఎంతో చెబుతుంది. పన్ను అడ్డుకోసి చూస్తే చెట్టు మానులో వలయాల మాదిరి పొరలు కనబడతాయి. వాటిని లెక్కించి వయసు కడతారు. కడుపులో ఏముందో చూస్తే మేత సంగతి తెలుస్తుంది. కొవ్వులో విషాలుంటే బయటపడతాయి. బంగాళాఖాతంలో దక్షిణ భారత తీరపు డాల్ఫిన్లపై 1993లో వెలువడిన పరిశోధనలో వాటి శరీరాల్లో డి.డి.టి. వంటి మందుల అవశేషాలు కనబడ్డాయి. కొవ్వులో చేరిన ఈ విషం తల్లి పాలతో పిల్లకు దిగుతుంది. శంకరగుప్తం, కూనవరం డ్రెయిన్ల నీరు కూడా చివరికి సముద్రానికే చేరుతుందని వరిచేలో మందు చల్లే రైతు గుర్తుంచుకోవాలి. ఆ సముద్రపు చేపే మన కంచంలోకీ వస్తుంది.

వల ఖరీదు ఎవరిస్తారు?

వలలో డాల్ఫిన్ పడితే వల కోసి వదలమని చెప్పడం తేలికే. అప్పు చేసి కొన్న వలను కోసుకోవడం జాలరికి తేలిక కాదు. మహారాష్ట్రలో 2018 నుంచి, రక్షిత జంతువును వదలడానికి వల కోసిన జాలరికి 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టారు. తీరమంతటా జాలరికి అటువంటి భరోసా ఉంటే కత్తి ముందు వల మీదనే పడుతుంది.

ఏ జంతువు ఒడ్డుకు వచ్చినా మొదట చూసేది పల్లిపాలెం వాళ్ళే. పూడ్చిపెట్టే లోపల పశువుల డాక్టరుకు కబురు అందితే శవపరీక్ష జరుగుతుంది, చావుకు కారణం తెలుస్తుంది. లేకపోతే సముద్రం ఆరోగ్యం గురించి వచ్చిన ఒక సమాచారాన్ని చదవకుండానే ఇసుకలో పాతిపెట్టినట్లవుతుంది.