ఎండాకాలానికి అచ్చుల బట్ట, ఇంటి కుట్టు

వేసవికి ఇంట్లో బట్టలు కుట్టుకునేవారికి చేత్తో అచ్చువేసిన నూలు బట్టను మించింది లేదు. పాత వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాలియెస్టర్ కలిసిన బట్ట చెమట పీల్చక ఒంటికి అతుక్కుంటుంది. పలుచటి నూలు బట్ట చెమట పీలుస్తుంది, గాలి ఆడనిస్తుంది.

తెలుగునాట అచ్చుల బట్టకు పేరెన్నికగన్నది కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, దాని పక్కనే ఉన్న పెడన. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. బట్టలోని గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీటిని అచ్చుతో అద్దితే, అది కరక్కాయతో కలిసి నల్లగా తేలుతుంది. పటిక అద్దిన చోట రంగునీళ్లలో ఉడికించాక ఎరుపు పట్టుకుంటుంది. మచిలీపట్నం తీరానికి చెందిన రంగుబట్టల మీద ఐరోపా మోజు ఎంతగా పెరిగిందంటే, సొంత నేతను కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్స్, 1721లో బ్రిటన్ అచ్చుల నూలు బట్టలపై నిషేధాలు పెట్టాయి.

చేతి అచ్చును గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక అచ్చు ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది, రంగు ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలుచగా ఉంటుంది. అది లోపం కాదు, మనిషి చేతి పని అనడానికి గుర్తు.

కొన్న బట్టను కత్తెర పెట్టే ముందు రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయాలి. నూలు తొలిసారి నీళ్లలో పడితే కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే చంక దగ్గర పట్టేస్తుంది. 44 అంగుళాల పన్నా బట్ట రెండున్నర మీటర్లుంటే పెద్దవాళ్లకు మోకాళ్ల దాకా వచ్చే కుర్తా, పొట్టి చేతులు వస్తాయి. నెమళ్లు, చెట్లు ఉన్న అచ్చులకు తల, తోక ఉంటాయి. ముందు ముక్క, వెనక ముక్క ఒకే దిక్కులో పరిచి కత్తిరించకపోతే వెనకవైపు నెమలి తలకిందులవుతుంది. పెద్ద బొమ్మ ఛాతీ నడుమకు రావాలి, అంచు ఉంటే కిందిభాగానికి వాడుకోవాలి. వేసవి కుర్తాకు ఛాతీ కొలత మీద కనీసం 4 అంగుళాలు వదులు ఉంచాలి. మెడపట్టీని నిలువు పోగు మీద కాక క్రాస్‌గా కత్తిరిస్తేనే గుండ్రంగా కూర్చుంటుంది.

పలుచటి బట్ట అంచు పోగులు త్వరగా ఊడతాయి. అందుకే ముందు మంచివైపు పైకి ఉంచి పక్కలను కుట్టి, అంచు సన్నగా కత్తిరించి, తిరగేసి మళ్లీ కుడితే పోగులు లోపలే ఉండిపోతాయి. ఓవర్‌లాక్ మిషన్ లేని ఇంట్లో ఇదే మేలు. ఇనుముతో వచ్చిన నలుపు కాలం గడిచేకొద్దీ నూలును బలహీనపరుస్తుంది కాబట్టి, నలుపు దట్టంగా ఉన్న ముక్కను చంక లాంటి లాగుడు పడే చోట వేయకూడదు.

మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలో, తేలికపాటి సబ్బుతో చేయాలి. నిమ్మరసం, బ్లీచింగ్ తగలనివ్వొద్దు. నీడన తిరగేసి ఆరేయాలి, ఇస్త్రీ కూడా తిరగేసే చేయాలి.