గూగుల్‌లో మన పంట ఎందుకు కనపడట్లేదు? డబ్బు కట్టకుండా రైతు సొంతంగా చేసుకోగల పనులు

గానుగ నూనె, దేశీ బియ్యం, బెల్లం, మామిడి సొంతంగా అమ్ముకుంటున్న రైతులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "వెబ్‌సైట్ చేయించాం సార్. గూగుల్‌లో కొడితే మాది రావట్లేదు. నెలకు ఇంత కడితే మొదటి పేజీలో మొదటి పేరు మీదే అని ఎవరో ఫోన్ చేస్తున్నారు. కట్టమంటారా?"

ముందే చెప్పేస్తాను. ఆ మాట నమ్మి కట్టొద్దు. మొదటి స్థానం ఇప్పిస్తామని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి పెట్టింది. డబ్బు కడితే వచ్చేది ప్రకటన మాత్రమే. దాని పక్కన 'స్పాన్సర్డ్' అని ఉంటుంది, డబ్బు ఆపిన రోజు అది పోతుంది. ప్రకటనలు కాకుండా మామూలుగా వచ్చే ఫలితాల్లో చోటుకు గూగుల్ డబ్బు తీసుకోదు.

ఇది రైతుకు ఎందుకు ముఖ్యమంటారా? అనంతపురం జిల్లాలో ఒక రైతు రసాయనాలు లేకుండా వేరుశనగ పండించి, గానుగ పట్టించి, నూనె అమ్ముతున్నాడనుకోండి. హైదరాబాద్‌లో ఒక ఇల్లాలు అదే నూనె కోసం ఫోన్‌లో వెతుకుతోంది. ఆమెకు ఈ రైతు పేజీ కనపడకపోతే ఇంకెవరి పేజీయో కనపడుతుంది. ఆ ఇంకెవరో ఇదే రైతు దగ్గర డబ్బాల్లో కొని, తన లేబుల్ అంటించి అమ్ముతున్నవాడే కావచ్చు. యార్డులో దళారీని తప్పించుకుని, ఇంటర్నెట్‌లో మళ్లీ అతని చేతికే చిక్కినట్టు అవుతుంది.

ఫోన్‌లో ఎక్కడ నొక్కాలో వీడియోలో చూపించాం. ఎందుకు నొక్కాలో ఇక్కడ రాస్తున్నాం.

ముందు గూగుల్‌కి మీ పేజీ తెలుసా?

గూగుల్ పని మూడు మెట్లలో జరుగుతుంది. మొదట దాని రోబో ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తూ పేజీలను చదువుతుంది. తర్వాత చదివినవాటిని తన పట్టికలో ఎక్కించుకుంటుంది. మూడోది, ఎవరైనా వెతికినప్పుడు ఆ పట్టికలో నుంచి పనికొచ్చేవాటిని వరస పెట్టి చూపిస్తుంది. మన రైతుల సైట్లలో చాలావాటికి ఇబ్బంది మొదటి రెండు మెట్ల దగ్గరే ఉంటుంది. పట్టికలో లేనిదానికి వరసలో చోటు ఎలా వస్తుంది?

చూసుకోవడం తేలిక. గూగుల్‌లో 'సైట్' అనే మాటను ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కనే కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ చిరునామా కొట్టండి. పట్టికలో ఉన్న మీ పేజీలు వస్తాయి. ఒక్కటీ రాకపోతే గూగుల్‌కి మీరున్నట్టే తెలియదన్నమాట.

వర్డ్‌ప్రెస్‌లో చేసిన సైటైతే సెట్టింగ్స్‌లో 'రీడింగ్' అనే చోటు చూడండి. సెర్చ్ ఇంజిన్లు రావొద్దని చెప్పే టిక్కు ఒకటి అక్కడ ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు ఆ టిక్కు పెట్టి, తర్వాత తియ్యడం మర్చిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. తలుపుకి తాళం వేసుకుని గిరాకీ రాలేదని బాధపడినట్టే.

ఆ తర్వాత 'గూగుల్ సెర్చ్ కన్సోల్' అనే ఉచిత సేవలో మీ సైటును నమోదు చేసుకోండి. సైట్ మీదేనని రుజువు చేసుకోవాలి. సైట్ చేసిచ్చిన అబ్బాయి పది నిమిషాల్లో చేసిపెడతాడు. మీ పేజీలన్నిటి జాబితాని 'సైట్‌మ్యాప్' అంటారు, దాన్ని అక్కడే ఇవ్వాలి. అతన్ని అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది. డొమైన్ పేరు మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉందా? లేకపోతే ముందు మార్పించుకోండి. పొలం మీరు దున్ని, పాస్‌బుక్ ఇంకొకరి పేరు మీద ఉంచుకోరు కదా.

కనపడే తెలుగు వేరు, చదవగలిగే తెలుగు వేరు

ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న సమస్య. మన కరపత్రాలు, పుస్తకాలు చాలాకాలం డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో తయారయ్యాయి. తెర మీద 'వేరుశనగ' అని చక్కగా కనపడుతుంది. లోపల కంప్యూటర్ దాచుకున్నవి మాత్రం తెలుగు అక్షరాలు కావు, వేరే గుర్తులు. గూగుల్ చదివేది ఆ లోపలి గుర్తులనే. యూనికోడ్‌లో అలా కాదు. 1991 నుంచి అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంది. మీరు ఫోన్‌లో కొట్టే తెలుగు యూనికోడే.

పరీక్ష చెబుతాను. మీ పేజీలో ఒక వాక్యం మీద వేలుపెట్టి నొక్కి, కాపీ చేసి, వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యండి. తెలుగు తెలుగులాగే వస్తే మంచిది. పిచ్చి గుర్తులు వస్తే అది పాత ఫాంటు, మళ్లీ యూనికోడ్‌లో కొట్టాల్సిందే. అసలు అక్షరాలే పట్టుబడకపోతే అది ఫోటో. ఫోటోలోని అక్షరాలను గూగుల్ కొంతవరకు గుర్తుపట్టగలదు గానీ దాన్ని నమ్ముకుని ధరల పట్టిక, ఫోన్ నంబరు ఫోటోలో పెట్టి వదిలెయ్యకండి. పక్కనే అక్షరాల్లో కూడా రాయండి. టైపింగ్ రాదంటారా, కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది. తప్పులు దిద్దుకుంటే చాలు.

వెతికేవాళ్లు ఏ మాట కొడతారు?

అసలు పని ఇక్కడుంది. మనం రాసే మాట, వెతికేవాళ్లు కొట్టే మాట కలవాలి. ఒక్క వేరుశనగనే తీసుకోండి. తెలంగాణలో పల్లీ అంటారు. రాయలసీమలో శనక్కాయ అంటారు, కర్నూలు వైపు బుడ్డలు అంటారు. పట్నంలో ఉన్నవాళ్లు 'కోల్డ్ ప్రెస్డ్ గ్రౌండ్‌నట్ ఆయిల్' అనో 'వుడ్ ప్రెస్డ్ ఆయిల్' అనో ఇంగ్లిష్‌లో కొడతారు. మీ పేజీలో 'మా స్వచ్ఛమైన ఉత్పత్తులు' అని మాత్రమే రాసుంటే వీళ్లలో ఎవరికీ దొరకరు.

'గానుగ నూనె' అని రాసి వదిలేసినా చిక్కే. పంటల మీద పురుగుకి కొట్టే కానుగ నూనె ఉంది కదా, ఆ చెట్టుని కొన్ని ప్రాంతాల్లో గానుగ అనే పిలుస్తారు. వంటకి వెతికేవాళ్లూ, పిచికారీకి వెతికేవాళ్లూ ఒకే మాట కొట్టే అవకాశముంది. అందుకే శీర్షిక పూర్తిగా ఉండాలి: 'గానుగ పట్టిన వేరుశనగ (పల్లీ) నూనె, అనంతపురం రైతు నుంచి నేరుగా'. సరుకేంటో, ఎలా తయారైందో, ఎక్కడిదో, ఎవరు అమ్ముతున్నారో ఒక్క వరసలో తెలిసిపోయింది.

సాగు అనుభవాలు రాసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పుస్తకంలో అగ్గి తెగులు అని ఉంటుంది, వెన్ను విరిగిపోవడం చూసిన రైతు మెడ విరుపు అంటాడు. సుడిదోమ అని ఒకరు, దోమపోటు అని ఇంకొకరు. మిరపలో పై ముడత అంటే తామర పురుగు, కింది ముడత అంటే నల్లి. రెండు మాటలూ పేజీలో సహజంగా వచ్చేలా రాయండి. అలాగని ఒకే మాటని యాభైసార్లు దట్టించకండి. అది చదివేవాళ్లకు విసుగు, గూగుల్ లెక్కలో తప్పు. ఇంకో సంగతి, సైట్ లోపల 'కీవర్డ్స్ ట్యాగ్' అని ఒక గడి నింపుతామని డబ్బు అడిగేవాళ్లున్నారు. వరస నిర్ణయించడానికి ఆ గడిని చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఒక విషయానికి ఒక పేజీ పెట్టండి. నూనెకి ఒకటి, బెల్లానికి ఒకటి. అన్నీ ఒకే పేజీలో కలిపితే ఆ పేజీ దేని గురించో తేలదు. పేజీ చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా ఉంచండి. తెలుగులో ఉన్న చిరునామా వాట్సాప్‌లో పంపేసరికి తరచుగా శాతం గుర్తులతో, అంకెలతో బారెడు పొడవు అయిపోతుంది. అది చూసి జనం నొక్కడానికి భయపడతారు.

వీడియో పెట్టాం కదా, చాలదా?

చాలదండి. 'రైతు విజయగాథ, పార్ట్ 3' అని పేరు పెట్టి, పేజీలో వీడియో ఒక్కటే అతికిస్తే లోపల ఏముందో వెతికేవాళ్లకి తెలియదు. వీడియో కింద కనీసం రెండు మూడు పేరాలు రాయండి: ఏ పంట, ఏ నేల, ఎంత ఖర్చు, ఎంత దిగుబడి, ఎక్కడ ఇబ్బంది వచ్చింది. జీవామృతం వీడియో అయితే 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి అని కొలతలు అక్షరాల్లో ఉండాలి. రైతు పొలం గట్టు మీద నిలబడి వెతికేది ఆ కొలతల కోసమే, ఇరవై నిమిషాల వీడియో మొత్తం చూసే తీరిక అప్పుడు ఉండదు.

యూట్యూబ్ వివరణలో సమయాలు రాస్తే వీడియో భాగాలుగా విడిపోతుంది. మొదటి సమయం 0:00 ఉండాలి, కనీసం మూడు భాగాలు ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. తెలుగు సబ్‌టైటిల్స్ కూడా మీరే ఎక్కించుకోవచ్చు.

ఫోన్‌లో తొందరగా తెరుచుకోవాలి

గూగుల్ ఇప్పుడు మీ సైటును ఫోన్‌లో కనిపించే రూపంలోనే చదువుతుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పు 2023కి పూర్తయింది. కాబట్టి కంప్యూటర్‌లో అందంగా ఉందని సంతోషపడితే లాభం లేదు. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. అలాంటివి పది పెడితే పల్లె సిగ్నల్‌లో పేజీ తెరుచుకోదు. ఫోటోని ఒకటి రెండు వందల కేబీకి తగ్గించి పెట్టండి, ఫోటో వివరణ గడిలో 'కట్టె గానుగలో వేరుశనగ నూనె తీస్తున్న దృశ్యం' అని రాయండి. చిరునామా ముందు 'హెచ్‌టీటీపీఎస్' ఉండేలా చూసుకోండి. 2014 నుంచి గూగుల్ దాన్ని కూడా ఒక చిన్న అంశంగా లెక్కలోకి తీసుకుంటోంది.

మ్యాపులో మీ తోట

'దగ్గర్లో గానుగ నూనె' అని వెతికితే పైన మ్యాపు వస్తుంది. అందులో ఉండాలంటే 'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్' చేసుకోవాలి, ఇదీ ఉచితమే. కొనేవాళ్లు మీ దగ్గరికి రావాలి, లేదా మీరే వాళ్ల దగ్గరికి చేర్చాలి. కొరియర్‌లో పంపడం తప్ప ఇంకేం లేని వ్యాపారానికి ఇది ఇవ్వరు. ఇంటికి ఎవరూ రారు, మీరే డెలివరీ చేస్తారంటే చిరునామా దాచి, తిరిగే ప్రాంతం మాత్రం చూపించుకోవచ్చు. పేరు, ఫోన్ నంబరు వెబ్‌సైట్‌లో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉండాలి. కొన్నవాళ్లని రివ్యూ రాయమని అడగండి, తప్పులేదు. డబ్బిచ్చి రాయించడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.

కొన్న లింకులు యూరియా లాంటివి

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు దాని వెనక ఉన్న ఆలోచన ఏంటంటే, ఒక పేజీకి ఇతర పేజీలు లింకు ఇవ్వడం సాక్ష్యం చెప్పడం లాంటిది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎంత నమ్మకస్తులైతే అంత విలువ. ఈ ఆలోచనని వాడుకుని వందల దొంగ పేజీలు పెట్టి లింకులు అమ్మే వ్యాపారం పుట్టింది. దానికి పేరేంటో తెలుసా? 'లింక్ ఫామ్'. మన వ్యవసాయం పేరే వాడుకున్నారు! 2012లో 'పెంగ్విన్' అనే మార్పుతో గూగుల్ ఇలాంటి సైట్లను కిందికి తోసేసింది. అంతకు ముందు ఏడాది 'పాండా'తో సరుకులేని పేజీలను, కాపీ కొట్టిన పేజీలను తోసింది. యూరియా చల్లిన వారానికి చేను నల్లగా నిగనిగలాడుతుంది, వెనకాలే పురుగు వస్తుంది. ఇదీ అంతే.

నిజమైన లింకులు మన చుట్టూనే ఉన్నాయి. మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం సైటు, మీ నూనె వాడే హోటల్, మీ గురించి రాసిన పత్రిక, మీ వీడియో తీసిన యూట్యూబ్ ఛానల్. వాళ్లని అడగండి.

మీకు మాత్రమే తెలిసింది రాయండి

2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ కొన్ని ప్రశ్నలకు పైనే కృత్రిమ మేధతో సమాధానం రాసి చూపిస్తోంది. 'గానుగ నూనె అంటే ఏంటి' అనే పేజీకి ఇక జనం రావడం కష్టం, ఆ సమాధానం పైనే దొరుకుతుంది. మీ కదిరి-6 గింజల్లో ఈ ఏడాది కిలోకి ఎంత నూనె దిగింది, వాన తప్పినప్పుడు ఏం చేశారు, నూనె అడుగున మడ్డి ఎందుకు పేరుకుంటుంది, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది - ఇవి మీ పేజీలో తప్ప ఎక్కడా ఉండవు.

ఒక హెచ్చరిక. మా నూనెతో షుగరు తగ్గిపోతుంది, క్యాన్సర్ రాదు లాంటివి రాయకండి. ఆరోగ్యం, డబ్బు విషయాల్లో గూగుల్ నమ్మకాన్ని మరింత గట్టిగా చూస్తుంది. అంతకంటే ముందు, అది నమ్మి మందులు ఆపేసే మనిషి ఉంటాడు. మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పొలం ఫోటో, ధర, ఫోన్ నంబరు పెట్టండి. నమ్మకానికి అవి చాలు.

ఎన్నాళ్లకు ఫలితం?

మార్పులు చేశాక ఫలితం కనపడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్ వాళ్లే ఒక వీడియోలో చెప్పారు. రసాయనాలు మానేసిన నేల తేరుకోవడానికి ఎంత ఓపిక కావాలో మనకు తెలుసు, ఇక్కడా అంతే ఓపిక పట్టాలి. నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో 'పెర్ఫార్మెన్స్' తెరవండి. జనం ఏ మాట కొడితే మీ పేజీ కనపడిందో, ఎంతమంది నొక్కారో 16 నెలల లెక్క అందులో ఉంటుంది. చాలామందికి కనపడి, ఎవరూ నొక్కకపోతే శీర్షిక మార్చి చూడండి. మీరు ఊహించని మాట కనపడితే దాని మీద కొత్త పేజీ రాయండి.

ఈ వారం మూడు పనులు చెయ్యండి: పట్టికలో ఉన్నారో లేదో చూసుకోవడం, కాపీ-పేస్ట్ పరీక్ష, నూనెకో బియ్యానికో ఒక్క మంచి పేజీ. సందేహాలుంటే వీడియో కింద కామెంట్‌లో అడగండి. మీ ఊళ్లో వేరుశనగని ఏమంటారో కూడా రాయండి, మిగతా రైతులకు పనికొస్తుంది.